నిమ్మకాయల మీదుగా వేటపాలెం

మా బంధువుల్లో కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నారు, సింగపూరు వెళ్ళొచ్చి ఇప్పటికీ ఫొటోలు పెడుతున్నవాళ్ళు ఉన్నారు. నేను నల్లపాడు నుంచి వేటపాలెం వెళ్ళొచ్చాను. రైలెక్కితే పల్లీల పొట్లం పూర్తయ్యేలోపు దిగిపోవచ్చు. నాకు ఒక శనివారం, ఒక ఆదివారం పట్టాయి. ఈ కాలంలో ఇంత చిన్న దూరం ఇంత కష్టపడి వెళ్ళిన మనిషి ఇంకొకరు దొరకరు కనుక, వెళ్ళనివాళ్ళ కోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

నల్లపాడు: బయలుదేరకముందే పడ్డాను

నేను రైల్వే గేటు అవతల ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన పురోహితులు. గుంటూరులో కొత్త కారు కొన్నవాళ్ళు షోరూము నుంచి తిన్నగా ఆయన దగ్గరికే వస్తారు. హారతి, గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు బంపరుకి ఎండుమిరపకాయల దండ. ఆయన చేయి పడ్డ వాహనానికి గీత కూడా పడదని పేరు.

పేరు ఊరందరికీ. నాకు మాత్రం రోజూ ఆయన స్కూటరు వెనక సీటు. నేను బడికి వెళ్ళాలన్నా, కూరగాయలకి వెళ్ళాలన్నా ఆయనకి ఎక్కడా గృహప్రవేశం లేని సమయం చూసుకోవాలి. పెళ్ళిళ్ళ సీజనులో అయితే నా కొత్తిమీరకి కూడా ముహూర్తం కుదిరేది కాదు. ఈ వయసులో సైకిలు నేర్చుకుని, మా వీధి చివర ఇల్లు ఖాళీ చేస్తున్న వాళ్ళ దగ్గర ఒక పాత లేడీస్ సైకిలు కొన్నాను. రంగు పోయింది గానీ రెండు చక్రాలూ బాణంలా తిన్నగా ఉండేవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీని మీద గొడవ ఉంది.

ఇంట్లోకి వాహనం వచ్చాక పూజ లేకుండా ఎలా వదులుతారు మా ఆయన? అపార్టుమెంటు గేటు ముందు అన్నీ సిద్ధం చేశారు. కారు చక్రం కింద నిమ్మకాయ బుద్ధిగా నలుగుతుంది. సైకిలు చక్రం సన్నం. తగలగానే కాయ పక్కకి దొర్లిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ దొర్లింది. వాచ్‌మన్ భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు మా ఆయనకి పట్టుదల వచ్చి, కాయ కదలకుండా అటూ ఇటూ రెండు ఇటుక ముక్కలు పెట్టారు. ఏ శాస్త్రంలో ఉందో మరి.

"ఇప్పుడు ఎక్కి తొక్కు శ్యామలా, ధైర్యంగా," అన్నారు.

ధైర్యంగానే తొక్కాను. ముందు చక్రం నిమ్మకాయ మీద జారి ఇటుకల మధ్య ఇరుక్కుంది. సైకిలు ఒకవైపు, నేను ఒకవైపు, కొబ్బరికాయ చెక్కలు ఒకవైపు పడ్డాం. ప్రమాదాలు జరగకూడదని చేసే పూజలోనే ప్రమాదానికి గురైన వాహనం గుంటూరు జిల్లా మొత్తానికి బహుశా నాదే.

లేచి చూస్తే ముందు చక్రం ఊగుతోంది. తిప్పితే రిమ్ము ఎడమ బ్రేకు రబ్బరుని ఒరుసుకుని, కుడికి జరిగి, మళ్ళీ ఎడమకి వస్తోంది. తాగినవాడు సందులో నడిచినట్టు ఉంది.

"పాత సరుకు అంతే," అన్నారు మా ఆయన, చేతులు కడుక్కుంటూ. "రోడ్డు మీద జరగాల్సింది ఇక్కడ జరిగి దోషం పోయింది. దీన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేయ్."

నాకు ఒళ్ళు మండింది. ఇచ్చేది లేదన్నాను. మాటా మాటా పెరిగి, చివరికి ఆయన ఒక షరతు పెట్టారు. వేటపాలెంలో ఉన్న మా అక్క ఇంటిదాకా ఈ సైకిలు మీదే వెళ్ళాలి. దారిలో నేను ఆటో ఎక్కినా, సైకిలుని లారీ ఎక్కించినా దాన్ని అమ్మేయాలి, నేను మళ్ళీ స్కూటరు వెనక సీటుకి రావాలి. వెళ్ళగలిగితే పార్కింగులో స్తంభం పక్క జాగా సైకిలుకి శాశ్వతం. వాచ్‌మన్ భార్య సాక్షి. సరే అన్నాను. కోపంలో మనిషికి కిలోమీటర్లు తెలియవు.

ప్రత్తిపాడు: సుద్దముక్క వైద్యం

రెండో శనివారం తెల్లవారగానే బయలుదేరాను. మిరప కోతల రోజులు. గుంటూరు దాటిన దగ్గర్నుంచి గాలిలోనే కారం. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పత్తి బస్తాల ట్రాక్టర్లు వెళ్ళిన దారంతా తుమ్మకొమ్మలకి దూది వేలాడుతోంది. చూడటానికి చాలా బాగుంటుందని కార్లో వెళ్ళేవాళ్ళు చెబుతారు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళకి ముక్కులో కారం, కళ్ళలో దూది.

ప్రత్తిపాడు దగ్గర ఎదురుగా బస్సు వస్తే పక్కకి తిప్పాను. ఊగే చక్రం నా మాట వినలేదు. తిన్నగా ఎవరిదో మిరప కల్లంలోకి వెళ్ళి మెత్తగా పడ్డాను. మా గుంటూరులో ఎవరైనా పడితే ముందు నవ్వి తర్వాత లేపుతారు. ఇక్కడ ముందు లేపి తర్వాత నవ్వారు. అంత మర్యాద నేను ఊహించలేదు. కృతజ్ఞతతో కళ్ళు తుడుచుకున్నాను, కారం చేతులతో. ఆ తర్వాత కాసేపు ప్రత్తిపాడు ఎలా ఉందో నేను చూడలేదు.

కళ్ళ మీద మజ్జిగ గుడ్డ పెట్టుకుని నేను కూర్చున్న చోటు మస్తాన్ వలీ గారి సైకిలు షాపు అని చూపు వచ్చాక తెలిసింది. పెద్దాయన. సైకిలుని చూసి, నన్ను చూసి, మళ్ళీ సైకిలునే చూశారు.

"ఏందమ్మగారూ, దీన్ని గోడకేసి కొట్టారా?"

"పూజ చేశామండి."

ఆయన ఇంకేం అడగలేదు. సైకిలుని తలకిందులు చేసి సీటు మీద, హ్యాండిలు మీద నిలబెట్టారు. ఒక సుద్దముక్క తీసి ఫోర్కుకి ఆనించి పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పారు. రిమ్ము ఎక్కడ పక్కకి వస్తోందో అక్కడ తెల్లగా గీత పడింది. ఆ గీత దగ్గర ఎడమవైపు పుల్లల్ని, అదే స్పోకుల్ని, చిన్న కీతో కాస్త వదులు చేసి, కుడివైపు పుల్లల్ని అంతే కాస్త బిగించారు. మళ్ళీ తిప్పారు, మళ్ళీ గీత. ఈసారి పొట్టిది. మధ్యలో టీ వచ్చింది, నాక్కూడా ఒకటి. ప్రత్తిపాడు టీ గుంటూరు టీ కంటే చవక, గ్లాసు కూడా దానికి తగ్గట్టే ఉంది.

"ఇంకా కొంచెం ఊగుతోందండీ," అన్నాను.

"కొంచెం ఊగనివ్వండి. పాత రిమ్ము, పూర్తిగా తిన్నగా రమ్మంటే ఇరిగిద్ది. ఇట్టా వదిలేస్తే ఏటపాలెం ఏంది, ఒంగోలు దాకా పొయ్యిద్ది. ఒకటే మాట. దారిలో ఎవుర్నీ చెయ్యి పెట్టనివ్వమాకండి."

నేను నవ్వాను. నా సైకిలు మీద చెయ్యి పెట్టేంత తీరిక ఎవరికి ఉంటుంది? మా ఆయన బంధువర్గాన్ని ఆ క్షణంలో మర్చిపోయాను.

పెదనందిపాడు: మరిదిగారి మర్యాద

పెదనందిపాడు చేరేసరికి సాయంత్రమైంది. ఊరి మొదట్లోనే మా ఆయన పెదనాన్నగారి అబ్బాయి కోటేశ్వర్రావు నా కోసం నిలబడి ఉన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయన దారి పొడుగునా ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేశారట, "మీ వదిన వస్తోంది, జాగ్రత్తగా చూసుకోండి" అని. ఈ చుట్టుపక్కల రహస్యంగా ప్రయాణం చేయాలంటే ముందు చుట్టరికాలు రద్దు చేసుకోవాలి.

"వదినా, మా ఇంటి పరువు తీయటానికి బయల్దేరావా? పురోహితుడి భార్య సైకిలు మీదా! ఇదుగో ఆటో తెచ్చాను, ఎక్కు."

"ఆటో ఎక్కితే సైకిలు పోతుంది కోటేశ్వర్రావ్."

"పోతే పోనీయ్, పీడా పోయిద్ది."

ఆయన ఆటోలో ముందు, నేను సైకిలు మీద వెనక. అలా ఊరేగింపుగా ఇంటికి వెళ్ళాం. అయితే తిండి దగ్గర మాత్రం కోటేశ్వర్రావు ఇంటికి వంక పెట్టలేను. వేడన్నంలో పండుమిరపకాయ పచ్చడి, నెయ్యి, పక్కన కందిపొడి. మేమేమో గుంటూరులో కారానికి పుట్టిల్లు మాదే అన్నట్టు మాట్లాడతాం గానీ, మేము తినేది కోల్డ్ స్టోరేజీలో ఏడాది పడుకున్న కాయ. ఇక్కడ పొద్దున చేలో ఉన్నది మధ్యాహ్నం రోట్లో ఉంటుంది. రెండోసారి అన్నం కలుపుకుంటూ నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తోడికోడలు అది ప్రయాణ బడలిక అనుకుని జాలిపడింది.

కోటేశ్వర్రావు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి మానేశాడు. ఇంట్లో ఏది పాడైనా తనే బాగుచేస్తాడు. ఆ ఇంట్లో మిక్సీ ఒక వైరు పట్టుకుంటేనే తిరుగుతుంది, ఫ్యాను తిరగకుండానే చప్పుడు చేస్తుంది. అవి చూసి కూడా నేను జాగ్రత్తపడలేదు. మర్నాడు పొద్దున నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, ఆయన వాకిట్లో నా సైకిలు ముందు గొంతుక్కూర్చుని, కటింగ్ ప్లేయరుతో పుల్లలు ఒక్కొక్కటే కరకరా బిగిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా!"

"వదినా, నిన్న చూశాను, పుల్లలు సగం వదులు. ఏ పల్లెటూరి వాడు చేశాడో గానీ. అన్నీ బిగించేశాను. వీణ తీగల్లాగా ఉన్నాయి, మీటి చూడు."

మీటి చూశాను. నిజమే, వీణలాగానే ఉంది. నేను సైకిలు తొక్కుతూ వీణ వాయించుకోవాల్సిన అవసరం ఏముందని మాత్రం ఆయన ఆలోచించలేదు. తిట్టాలనిపించింది. ఎదురుగా ఆ మనిషి తెల్లపంచె నిండా గ్రీజు. తెల్లవారకముందే లేచాడని తోడికోడలు చెప్పింది. ఇంటికి వచ్చిన వదినని పాత చక్రం మీద పంపడం తనకి చిన్నతనమట. ఇడ్లీ తిని, థాంక్స్ చెప్పి, నోరు మూసుకుని బయలుదేరాను.

పర్చూరు: మొదటి టింగు

పర్చూరు మేం చదువుకునేటప్పుడు ప్రకాశం జిల్లా. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు. బోర్డులు మారాయి, రోడ్డులో గుంతలు మాత్రం బదిలీ కాకుండా ఉన్నచోటే ఉన్నాయి. అలాంటి ఒక గుంత దిగి ఎక్కగానే కింద 'టింగ్' అని వినిపించింది. ఒక పుల్ల తెగింది. చక్రం మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది.

బజార్లో చెరకురసం తాగుతూ సైకిలు షాపు ఎక్కడని అడిగాను. బండివాడు, పక్కన పత్తి ధర గురించి మాట్లాడుకుంటున్న ఇద్దరు రైతులు, దారినపోతున్న ఒక కండక్టరు, అందరూ వచ్చి చక్రాన్ని చూశారు. అది కంపెనీ తప్పని ఒకరన్నారు. దిష్టని ఇంకొకరన్నారు. "ముందు బ్రేకు పీకెయ్యండి, రాసుకునే బాధ ఉండదు" అని కండక్టరు సలహా. ఒక్కరు కూడా పుల్ల తెగిందనలేదు. అసలు సంగతి ఏమిటంటే ఆదివారం షాపు లేదు. చీరాలలో దొరుకుతుందన్నారు.

చీరాల వచ్చేలోపు ఇంకో రెండు టింగులు విన్నాను. అక్కడా ఆదివారమే. ఆ ఊరికేమైనా వేరే వారం ఉంటుందనుకున్నానేమో, షట్టర్లు చూసి చాలా ఆశ్చర్యపోయాను. అయినా వేటపాలెం ఇంకెంత దూరం? అక్క వంట మొదలుపెట్టి ఉంటుంది. నడిపించుకుంటూ కొంత, తొక్కుకుంటూ కొంత వెళ్ళాను.

నేత కాలనీ: గడప దాటని చక్రం

వేటపాలెం ఇక అదిగో అన్నంత దగ్గరలో, రోడ్డు పక్క నేతవాళ్ళ ఇళ్ళ ముందు, కోటేశ్వర్రావు వీణ తీగలు ఒక్కసారిగా తెగిపోయాయి. చక్రం నూనెలో వేసిన అప్పడంలా మెలితిరిగి ఫోర్కులో ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి పోదు. ఈసారి పడలేదు. సైకిలు పట్టుకుని నిలబడే ఏడ్చాను.

సిగ్గేముంది, బాగానే ఏడ్చాను. ఒక ఆటో ఆగింది. "వేటపాలెమేనా అమ్మా, ఎనక ఏసుకుందాం ఎక్కండి" అన్నాడు పాపం. అంత దూరం వచ్చి, అక్క ఇంటి పోపు వాసన వచ్చేంత దగ్గర్లో ఆ ఆటో ఎక్కితే, రేపటి నుంచి నేను మళ్ళీ కొత్తిమీరకి ముహూర్తం అడగాలి. ఆటోని పంపించేశాను. పంపించి మళ్ళీ ఏడ్చాను.

పక్క ఇంటి వసారాలోంచి ఒకావిడ కేకేసింది. "ఏందమ్మా, ఎవురన్నా పోయారా?"

"చక్రం పోయింది."

"ఓస్, చక్రమా! నే ఇంకేందో అనుకున్నా. రా, లోపలికి రా."

ఆవిడ పేరు నాగేంద్రమ్మ. లోపల గుంట మగ్గంలో కూర్చుని ఆవిడ భర్త నేస్తున్నాడు. ఆవిడ ముందు రాట్నం. ఆ రాట్నానికి పెద్ద చక్రంగా ఉన్నది ఏమిటా అని చూస్తే, సైకిలు రిమ్ము. టైరు లేదు, పుల్లలన్నీ ఉన్నాయి, రెండు చెక్కల మధ్య ఇరుసు బిగించి ఉంది. రిమ్ము మీదుగా ఒక తాడు కదురుకి వెళుతోంది. ఆవిడ చేత్తో చక్రం తిప్పితే అవతల కదురు గిర్రున తిరిగి కండెకి నూలు చుట్టుకుంటోంది. ఈ ప్రాంతమంతా ఇంతేనట. సైకిళ్ళు ముసలివైపోతే చక్రాలు ఇళ్ళల్లోకి వచ్చి రాట్నాలవుతాయి.

నా గోడంతా విన్నది. నిమ్మకాయ దగ్గర నవ్వింది, ఇటుకల దగ్గర ఇంకా నవ్వింది. షరతు సంగతి చెప్పాక నవ్వడం ఆపేసింది. రాట్నాన్ని చూసింది, నా సైకిలుని చూసింది.

"ఏవయ్యా, ఆ రెంచీ ఇట్టా తీసుకురా."

"ఎందుకే?" అన్నాడు మగ్గంలోంచి భర్త.

"మన చక్రం ఈవిడకి ఇస్తన్నా."

"ఇచ్చి? కండెలు నీ తలకాయతో చుడతావా? ఎల్లుండికి చీర నేసి మగ్గం మీంచి కొయ్యాలిరా దేవుడా!"

"ఈవిడిది మనకి బిగిద్దాం. ఇంట్లో కూర్చుని తిరిగేదానికి కాస్త ఊగితే ఏందంట?"

నేను వద్దన్నాను. వాళ్ళ పని ఆగిపోతుందని గట్టిగానే అన్నాను. నాగేంద్రమ్మ నా మాట వినలేదు. ఆ చక్రం వాళ్ళ మామగారి సైకిలుదట. ఆవిడ కోడలిగా వచ్చేసరికే రాట్నానికి ఎక్కించారట.

"ఎంత తిప్పాననుకున్నావ్? నేను తిప్పిన తిప్పుడికి రోడ్డు మీద అయితే కాశీకి పొయ్యి వచ్చేది. ఇది గడప దాటలా, నేనూ దాటలా. ఒకటన్నా దాటనియ్."

ఇలాంటి చోట ఏదో ఒక వెటకారం చేసి తప్పించుకోవడం నా అలవాటు. ఆ రోజు ఒక్కటీ తట్టలేదు.

భర్త గొణుక్కుంటూనే వచ్చి రెంచీ పట్టాడు. నా టైరూ ట్యూబూ వాళ్ళ చక్రానికి ఎక్కించాడు, అది ఫోర్కులో చక్కగా కూర్చుంది. నా అప్పడాన్ని నేల మీద పెట్టి, కాలితో తొక్కి, కాస్త దారికి తెచ్చి, తెగిన పుల్లలు పీకేసి రాట్నానికి బిగించాడు. నాగేంద్రమ్మ తిప్పింది. చక్రం ఎడమకీ కుడికీ ఊగుతూ తిరిగింది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. తాడు జారలేదు. కదురు తిరిగింది, కండె నిండుతోంది.

"ఊగుతంది గానీ చుడతంది," అని తీర్పు చెప్పింది. "ఇంక నువ్వు పో."

డబ్బు ఇవ్వబోతే కసిరింది. నా ఫోన్ నంబరు మాత్రం తీసుకుంది.

వేటపాలెం: చెల్లదట!

ఆ చక్రం మీద మిగతా దూరం ఎలా వెళ్ళానో చెప్పలేను. ఊగదు, రాసుకోదు, చప్పుడు లేదు. రోడ్డు నాదే అన్నట్టు వెళ్ళాను. జీడిగింజలు వేయించే వాసన తగిలింది, అక్క ఇల్లు వచ్చింది. గేటు ముందు దిగి మా ఆయనకి వీడియో కాల్ చేశాను.

ఆయన నా మొహం చూడలేదు. సైకిలు చూపించమన్నారు. ఒక కారు పూజకి ముందు కూడా అంత పరీక్షగా చూసి ఉండరు.

"ముందు చక్రం వేరేది. చెల్లదు," అన్నారు.

అక్క నా చేతిలో ఫోను లాక్కుంది. "ఏవండీ మరిదిగారూ, మీ స్కూటరుకి టైర్లు ఎన్నిసార్లు మార్చారు? ఇంజను ఎన్నిసార్లు విప్పించారు? అయినా మా పెళ్ళినాటి స్కూటరు అని ఊరంతా చెప్పుకుంటారే! అది చెల్లుతుందా?"

ఆయన తల తిప్పి, పక్కనే ఉన్న తన స్కూటరుని ఒకసారి చూసుకున్నారు.

"సరే వదినగారూ," అన్నారు చివరికి. "కానీ ఆ కొత్త చక్రానికి పూజ జరగలేదు. వచ్చాక చేస్తాను."

మళ్ళీ నల్లపాడు

తిరుగు ప్రయాణం గుంటూరు వచ్చే జీడిపప్పు వ్యానులో, సైకిలుతో సహా. షరతు వెళ్ళడానికే గానీ రావడానికి కాదు. స్తంభం పక్క జాగా నాదైంది. నేను క్షేమంగా చేరింది తన పూజ బలం వల్లేనని మా ఆయన అపార్టుమెంటులో అందరికీ చెబుతున్నారు. కొత్త చక్రం కోసం నిమ్మకాయలు కూడా తెచ్చారు. నేను వాటిని పులిహోరలో పిండేశాను. బాగుందని రెండోసారి వేయించుకున్నారు.

గెలిచాక కొన్నాళ్ళు సైకిలు ముట్టకూడదని నా ఉద్దేశం. ఒళ్ళంతా నొప్పులు, అరచేతులు కమిలిపోయాయి. రెండు రోజులు మళ్ళీ స్కూటరు వెనకే బడికి వెళ్ళాను, అలవాటైన సుఖం కదా. మూడో రోజు సాయంత్రం ఫోన్ మోగింది. వెనక రాట్నం చప్పుడు, ఊగుతూ తిరిగే చప్పుడు.

"నేనమ్మా, నాగేంద్రాన్ని. ఇయ్యాల మన చక్రం ఎక్కడికి పొయ్యింది?"

అప్పుడది స్తంభానికి ఆనించి ఉంది.

"ఇప్పుడే బయల్దేరుతున్నాం," అన్నాను. ఫోను పెట్టేసి, తాళంచెవి తీసుకుని కిందికి దిగాను.